గున్నకు తలకు పోసిన రోజు

మా ఊళ్లో ఏనుగును ఏనుగు అనరు. సామి అంటారు. “సామి దిగినాడు” అంటే మంద కొండ దిగిందని అర్థం. “సామి కయ్యలో పడినాడు” అంటే ఎవరి చెరకో ఆ రాత్రి నేలమట్టమైందని అర్థం. పేరు పెట్టి పిలిస్తే వింటుందని, విని వస్తుందని భయం. ఆ భయానికి మావాళ్లు పెట్టుకున్న ముద్దుపేరే భక్తి. ఈ మాట మా వీధిలో నిలబడి అంటే చెప్పు తీస్తారు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

పలమనేరు దాటి అడవి వైపు తిరిగి, తారు రోడ్డు మట్టి రోడ్డయ్యాక వచ్చే ఊళ్లలో మాదొకటి. ఒక పక్క తమిళనాడు, ఒక పక్క కర్ణాటక, మధ్యలో మేమూ ఏనుగులూ. ఇంటికో రెండు పాడావులు, పొలంలో చెనక్కాయో టమాటానో. నేను ఆ ఊళ్లోనే పుట్టి, మేనత్త కొడుకునే చేసుకుని, పుట్టింటి నుంచి నాలుగిళ్లు దాటి ఆగిపోయినదాన్ని. పాల కేంద్రం నడుపుతాను. రెండు పూటలా ఊరి పాలు కొలిచి, వెన్న చూసి, క్యాన్లకెత్తి బండికి పంపడం నా పని. నీళ్లు కలిపిన పాలను తీసుకోను, ఎవరి పాలైనా సరే. అందుకే ఊళ్లో సగం మందికి నేనంటే కిట్టదు. మిగతా సగం మందికి నా నోరంటే భయం.

మా నాయన చిన్నప్పుడు ఈ కొండల్లో ఏనుగులు లేవట. ఎక్కడో వాటి అడవులు నరికేస్తే దారి వెతుక్కుంటూ ఇటు వచ్చాయి. అవి వచ్చేసరికి ఇక్కడ ఉన్నవి ఒక్కొక్కటిగా పోవడం మొదలైంది. నా చిన్నతనంలో పొద్దు గూకితే గుట్ట మీద నక్కలు కూసేవి. అడవిపందుల కోసం బెల్లం పూసి పెట్టిన నాటు బాంబులు కొరికి అవి మూతులు పగిలి చచ్చాయి. ఇప్పటికీ ఎవడికైనా టమాటాకు మంచి రేటు పడితే “నక్క తోక తొక్కినాడబ్బా” అంటారు. తొక్కుదామంటే నక్క ఏదీ? గొడ్డు చస్తే ఊరి బయట వేసేవాళ్లం, మధ్యాహ్నానికల్లా రాబందులు దిగి శుభ్రం చేసి పోయేవి. ఇప్పుడు గొడ్డు చస్తే జేసీబీని పిలవాలి. ఒళ్లంతా పెంకులుండే అలుగును నేను ఒక్కసారే చూశాను, ఎవరో గోతంలో కట్టి బస్సెక్కిస్తుంటే. వీటిలో దేని కోసమూ మా ఊళ్లో ఎవరూ ఏడవలేదు. ఏనుగు దగ్గరకు వచ్చేసరికి మాత్రం అందరికీ కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి, ఎందుకంటే దానికి గుడిలో బొమ్మ ఉంది.

మా నాయన మంచివాడు. చీమ కనిపిస్తే కాలు పక్కకు వేసే రకం, మందు తాగడు, ఎవరినీ ఒక మాట అనడు. అలాంటివాడే చెనక్కాయ చుట్టూ పందులకని కరెంటు తీగ లాగాడు. మోటారు స్టార్టరు నుంచి కట్టుతీగ తీసి, చుట్టూ కర్రలు నాటి, మోకాలెత్తున కట్టడం. పొద్దు గూకాక కలపడం, తెల్లవారకముందే తీసేయడం. ఊళ్లో అందరూ చేసే పనే. చేయకూడదని అందరికీ తెలుసు, ఎవరు చేస్తున్నారో కూడా అందరికీ తెలుసు. “సామి మన కయ్యలోకి రాడమ్మే, ఆయనకు చెరకుండాది, మామిడితోపు ఉండాది. చెనిక్కాయ చెట్లు పీక్కోని తినేంత ఖర్మేం పట్టింది?” అనేవాడు నేను పోట్లాడినప్పుడల్లా. ఏనుగు మనసులో ఏముందో తనకు తెలిసినట్టు చెప్పేవాడు.

ఆ రోజు పొద్దున కేంద్రం తలుపు తీసి మిషను వేశాను. ఆడవాళ్లు పాలచెంబులతో వరస కట్టారు. మా చిన్నాయన రొప్పుతూ వచ్చి గడపలోనే నిలబడిపోయాడు.

“సామి పడిపోయినాడు పాపా, మీ నాయన కయ్యలో” అన్నాడు.

వరస చెదిరిపోయింది. చెంబులు అరుగు మీద పెట్టి అందరూ పరుగెత్తారు. నేను కూడా మిషను ఆపకుండానే పోయాను.

సామి కాదు, ఆడ ఏనుగు. ఎడమ పక్కకు ఒరిగి పడి ఉంది. దాని కింద చెనక్కాయ చెట్లు నలిగి పచ్చి వాసన కొడుతున్నాయి. పక్కన గున్న. తల్లి పొట్ట కిందికి దూరిపోయే వయసు దానిది. ముందు కాళ్ల మధ్య తల పెట్టి పాల కోసం నెడుతోంది, రాకపోతే వెనక్కి జరిగి మళ్లీ నెడుతోంది. పాలలో బతికేదాన్ని కదా, నా కళ్లు ముందు అక్కడికే పోయాయి. పొదుగు ఇంకా నిండుగా ఉంది.

మా నాయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని గెనిమ గట్టు మీద కూర్చున్నాడు. తీగ లేదు, కర్రలు లేవు. అప్పటికే చుట్ట చుట్టి పాడుబావిలో వేసేశారు. మిగిలింది ఒక్కటే, ఏనుగు తొండం మీద నల్లగా కమిలిన గీత. జానెడు పొడవుంటుంది. తీగ ఆనిన చోటు అది. చిన్నపిల్లాడు చూసినా ఇట్టే చెప్పేస్తాడు. అటవీశాఖ వాళ్లు వస్తే మా నాయన జైలుకు పోతాడు, సందేహం లేదు.

ఊళ్లో వరసకు పెదనాయన అయ్యే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. పంచాయితీలన్నీ ఆయన అరుగు మీదే జరుగుతాయి. ఆయన ఏనుగు చుట్టూ ఒక చుట్టు తిరిగి, తొండం దగ్గర ఆగి, గొంతు సవరించుకున్నాడు.

“ఆడసామి. ముత్తైదువ. ఇట్ల బోడిగా పెట్టకూడదబ్బా. పసుపు తెండి.”

తెచ్చారు. ఇంటింటికీ పోయి డబ్బాలు ఖాళీ చేసి తెచ్చారు. నీళ్లు కలిపి ముద్ద చేసి మొదటి పళ్లెం నుదుటికి, చెవులకు పూశారు. రెండో పళ్లెం మొత్తం తొండానికే పట్టించారు. ఆ పని పెదనాయన ఎవరికీ ఇవ్వలేదు. తానే గొంతుకూర్చుని గోడకు పేడ మెత్తినట్టు మెత్తాడు. మెత్తి, పైన మూడు వేళ్ల వెడల్పున కుంకుమ దిద్దాడు. చూస్తున్న ప్రతి ఒక్కరికీ సంగతి అర్థమైంది. ఎర్ర అంచు పచ్చ చీర తెచ్చి కప్పారు. కర్పూరం వెలిగించారు. మొదటి కొబ్బరికాయ మా నాయనే కొట్టాడు, కొట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. అది దొంగ ఏడుపైతే నాకింత మంట ఉండేది కాదు. ఆయన నిజంగానే ఏడ్చాడు. తాను చంపినదాని కోసం, చంపింది తాను కాదన్నంత కడుపారా ఏడ్చాడు.

ఇటు హారతి ఇస్తుంటే అటు వెనకాల తోక దగ్గర తోపులాట. ఏనుగు వెంట్రుక ఉంగరంలో చుట్టించుకుంటే దిష్టి తగలదని మా దగ్గర నమ్మకం. మొలతాడుకు కడితే పిల్లలు రాత్రిపూట ఉలిక్కిపడరట. కత్తెర తెచ్చినవాళ్లున్నారు, తేనివాళ్లు చేత్తో పీకారు. హారతి కొండెక్కేసరికి తోక బోడిగా మిగిలింది. దండం పెట్టిన చేతులతోనే పీకారు, అదీ నా కళ్లతో చూశాను.

ఇంతసేపూ గున్నను ఎవరూ పట్టించుకోలేదు, మా అమ్మ వచ్చేదాకా.

మా అమ్మ సంగతి చెప్పాలి. ఊళ్లో ఏ ఆవు ఈని చచ్చినా ఆ దూడ మా అమ్మ దగ్గరికే వస్తుంది. ఆమె చేతి చలవ అలాంటిదని పేరు. ఒడిలో పెట్టుకుని వేలు చప్పరింపజేసి, ఆ వేలి పక్కనుంచి పాలు జార్చి బతికిస్తుంది. కాస్త కోలుకున్నాక ఇంకో ఆవు కింద కలుపుతుంది. అది తేలిక పని కాదు. పరాయి దూడను ఆవు తంతుంది. మా అమ్మ ముందు దూడకు వేడినీళ్లు పోసి పాత వాసనంతా వదిలిస్తుంది, తర్వాత ఉప్పూ బెల్లమూ నూరి వీపుకు రాస్తుంది. కొత్త తల్లి ఆ రుచికి నాకుతుంది, నాకుతూ నాకుతూ తనదే అనుకుంటుంది. ఇలా ఎన్ని దూడలు నిలబడ్డాయో లెక్క లేదు. ఆ ఒక్క విద్యలో మా అమ్మను మించినవాళ్లు చుట్టుపక్కల లేరు.

ఆమె జనాన్ని తోసుకుని నేరుగా గున్న దగ్గరికి పోయింది. వేలు అందించింది. అది కాసేపు బెదిరి, తర్వాత తొండంతో ఆ చెయ్యి పట్టుకుంది. నేను జీవితంలో అంత మెత్తటి పట్టు చూడలేదు.

“తల్లి పీనుగను పట్టుకోని పాకులాడతాండాది. మైల. ముందు తలకు పొయ్యాల” అంది మా అమ్మ.

మోటారు కొట్టం ముందు మూడు రాళ్లు పెట్టి అండాలో నీళ్లు కాచారు. ఆడవాళ్లందరికీ హుషారు వచ్చింది. ఒకామె సీకాయ పొడి తెచ్చింది, ఇంకొకామె పసుపు కలిపింది. తొట్టి పక్కన గున్నను నిలబెట్టి చంటిపిల్లకు పోసినట్టు పోశారు. మొదట వణికింది గానీ గోరువెచ్చటి నీళ్లు తగిలేసరికి దానికి సుఖంగా ఉన్నట్టుంది, తొట్టిలో తొండం ముంచి అందరి మీదా చిమ్మింది. ఆడవాళ్లు కేకలు పెట్టి నవ్వారు. అటుపక్క శవం, ఇటుపక్క నవ్వులు. నేను కూడా నవ్వాను. మా అమ్మ చెవుల వెనక మడతల్లో, చంకల్లో, కాళ్ల సందుల్లో, ఎక్కడా వదలకుండా సీకాయతో రుద్దింది. ఎర్రమట్టి పోయి కింద నల్లటి బొచ్చు తేలి గున్న నిగనిగలాడింది. తర్వాత కొంగుతో తుడిచి వీపంతా ఉప్పూ బెల్లమూ రాసింది.

“సాయంత్రం మంద వస్తాది సూడు. వాటిల్లో ఏదో ఒకటి నాకి, దగ్గరికి తీసుకుంటాది. తీసుకోకుంటే నా పేరు మార్చుకుంటా” అంది. ఆమె మొహంలో నాకు ఆ రోజు కనిపించినంత ధీమా మళ్లీ ఎప్పుడూ కనిపించలేదు.

ఎండ నెత్తికెక్కాక అటవీశాఖ జీపు వచ్చింది. ఒక ఆఫీసరు, నలుగురు సిబ్బంది, జంతువుల డాక్టరమ్మ. డాక్టరమ్మ చిన్న వయసుది, తిరుపతిలో చదువుకుందట. వచ్చీరాగానే తొండం కడగాలి, నీళ్లు తెండి అంది. అంతే, జనం గొల్లుమన్నారు. పూజ చేసిన సామిని కడుగుతారా, పసుపు కుంకుమ తీసేస్తారా, ఊరికి అరిష్టం కాదా అని మీదికి వచ్చారు. పెదనాయన ఆఫీసరు చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు. అక్కడేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. చివరికి గుండె ఆగి పోయిందని రాసుకున్నారట. గుండె ఆగకుండా పోయేవాళ్లు ఎక్కడైనా ఉన్నారా?

తల్లిని ఆ కయ్యలోనే గొయ్యి తీసి పూడ్చారు. తర్వాత డాక్టరమ్మ గున్న దగ్గరికి వచ్చింది. వంగి దాని మెడ దగ్గర ముక్కు పెట్టింది. అలాగే కాసేపు ఉండిపోయి, లేచి నా వైపు చూసింది. చుట్టుపక్కల నేనొక్కదాన్నే ఉన్నాను, మా అమ్మ ఇంటికి పోయింది.

“దీనికి స్నానం చేయించారా?” అని అడిగింది.

“చేయించినాము. సీకాయతో.”

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఏనుగులు ముక్కుతోనే చూస్తాయమ్మా అంది. పిల్ల ఎవరిదో, ఎక్కడినుంచి వచ్చిందో, తమదేనా కాదా అన్నది వాటికి వాసనే చెబుతుందంది. దీని ఒంటి మీద తల్లి వాసన, మంద వాసన ఉండి ఉంటే సాయంత్రానికి కలిసిపోయేదేమో, ఇప్పుడు దీనికి మన వాసన పట్టించి పెట్టారు అంది. ఉప్పూ బెల్లం సంగతి చెప్పాను. ఏనుగు పిల్లను నాకదు అంది. లెక్కలేనన్ని దూడల్ని నిలబెట్టిన చెయ్యి, తనకు తెలిసిన పద్ధతంతా ఎక్కడా లోపం రాకుండా చేసి, దీన్ని తెంపేసింది.

అటవీశాఖ వాళ్లు అంతటితో వదిలేయలేదు. అడవి అంచుకు పోయి మంద వేసిన లద్దెలు గంపలకెత్తి తెచ్చారు. గున్నకు ఒళ్లంతా పూశారు, మట్టి చల్లారు. ఇంటినుంచి తిరిగొచ్చిన మా అమ్మ చూసి, “అయ్యో, కడిగిన బిడ్డకు పేడ పూస్తాండారే, బుద్ధుండాదా?” అని మండిపడింది. చలికి పూస్తున్నారులే అని చెప్పి చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను. ఆమెకు నిజం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

పొద్దు వాలుతుండగా గున్నను అడవి అంచున బండల దగ్గర వదిలారు. ఊరివాళ్లను దూరంగా నెట్టేశారు. నేనూ మా అమ్మా మా మిద్దె మీదినుంచి చూశాం. మంద పొద్దుటి నుంచి దగ్గర్లోనే ఉంది, అప్పుడప్పుడూ లోపలినుంచి గుర్రుమని లోతుగా పిలుస్తోంది. ఆ పిలుపుకు గున్న చెవులు విప్పింది. చెట్లలోంచి ముందు ఒక పెద్ద ఆడ ఏనుగు బయటికి వచ్చింది, వెనక ఇంకో నాలుగైదు. గున్న వాటి వైపు పరుగెత్తింది. పరుగంటే పరుగు, కాళ్లకు కాళ్లు తగులుకుంటూ.

పెద్ద ఏనుగు తొండం చాచి దాని తల మీద పెట్టింది. “తీసుకునింది, తీసుకునింది” అని మా అమ్మ నా భుజం గిల్లింది. ఏనుగు తొండం వెనక్కి లాక్కుంది. మళ్లీ పెట్టింది. చెవుల వెనక, చంకలో, వెతికినట్టు వెతికింది. రెండడుగులు వెనక్కి వేసింది. గున్న దాని పొట్ట కిందికి దూరబోయింది. ముందు కాలితో పక్కకు నెట్టింది. గట్టిగా కాదు, మన వాకిట్లోకి వచ్చిన పక్కింటి కుక్కను నెట్టినట్టు. గున్న ఇంకో ఏనుగు దగ్గరికి పోయింది. అదీ నెట్టింది. అవి గుంపుగా కాసేపు అక్కడే నిలబడి అటూ ఇటూ వాసన పట్టాయి. వాళ్ల బిడ్డ కోసమే వెతికాయి. వాళ్ల బిడ్డ వాళ్ల కాళ్ల దగ్గరే ఉంది.

తర్వాత చెట్లలోకి వెళ్లిపోయాయి. గున్న కొంత దూరం వెనకే పోయింది, ఆగిపోయింది, అరిచింది. ఆ అరుపు ఎలా ఉంటుందో రాయలేను. మా అమ్మ మిద్దె దిగి పరుగెత్తింది. దూడల్ని పిలిచినట్టు “బా... బా...” అని పిలిస్తే అది వెనక్కి తిరిగి ఆమె దగ్గరికే వచ్చింది.

తిరుపతి నుంచి జూ బండి వచ్చేదాకా దాన్ని మా నాయన కొట్టంలో కట్టేశారు. డాక్టరమ్మ పొడి డబ్బాలు ఇచ్చి, నీళ్లలో ఇంతింత కలిపి పట్టండి, ఆవుపాలు మాత్రం చుక్క పట్టకూడదు, దీని కడుపు తట్టుకోదు అని నాకూ మా అమ్మకూ చెప్పింది. మా అమ్మ బుద్ధిగా తలూపింది, చెప్పినట్టే చేసింది కూడా. కానీ మాట అప్పటికే పలమనేరు దాటిపోయింది. బాలవినాయకుడు వెలిశాడని ఆటోలు కట్టుకుని వచ్చారు. టెంకాయలు, అరటి గెలలు, చెంబుల్లో మొక్కుపాలు. మర్నాటి సాయంత్రం నా కేంద్రానికి సగం పాలే వచ్చాయి. మిగతా సగం ఎటు పోయాయో చూద్దామని నాయన ఇంటికి పోయాను. కొట్టం తలుపులు బార్లా తీసి ఉన్నాయి. మా నాయన నుదుట విభూది పెట్టుకుని ఒక్కొక్కరినే లోపలికి పంపుతున్నాడు. లోపల గున్న నెత్తిన పాలు పోస్తున్నారు, అవి కారి తొండం మీదినుంచి నోట్లోకి పోతుంటే ‘సామి తాగతాండాడు’ అని మురిసిపోతున్నారు. కొందరు సీసాతో పట్టారు. ఫోన్లలో తీసుకున్నారు.

నేను నోటికొచ్చినట్టు తిట్టాను. “మీ సామి చస్తాడు, బయటికి పోండి” అన్నాను. ఒకామె నన్ను ఎగాదిగా చూసి, అశుభం పలక్కు తల్లీ అంది. మా నాయన నా దగ్గరికి వచ్చి మెల్లగా, “మొక్కుకోని వచ్చినోళ్లను ఎట్ల కాదంటాం పాపా? పాపం తగలదా?” అన్నాడు. పాపం గురించి ఆయన నాతో మాట్లాడాడు. మా అమ్మ గున్న ముందు రెండు చేతులూ చాచి అడ్డం నిలబడితే, మా నాయనే ఆమెను పక్కకు జరిపాడు.

మర్నాడు దానికి విరేచనాలు పట్టుకున్నాయి. ఆ మర్నాడు లేవలేదు. డాక్టరమ్మ వచ్చి సూదులు వేసింది, సెలైన్ ఎక్కించింది. మా అమ్మ దాని తల ఒళ్లో పెట్టుకుని, దూడలకు ఇచ్చినట్టే వేలు నోటికి ఇచ్చి కూర్చుంది. మొదట చప్పరించింది, తర్వాత ఊరికే పట్టుకుంది, తర్వాత అదీ లేదు. జూ బండి వచ్చి వాకిట్లో హారన్ కొట్టేసరికి ఆ వేలు ఇంకా దాని నోట్లోనే ఉంది.

ఇప్పుడు ఆ కయ్యలో గుడి ఉంది. తల్లికీ బిడ్డకూ కలిపి కట్టారు. స్థలం ఊరికే ఇచ్చాడని మా నాయనకు గొప్ప పేరు. పూజారి కూడా ఆయనే. పెళ్లిళ్లు కావాలని, పిల్లలు పుట్టాలని దూరం నుంచి వస్తారు. చిత్తూరు నుంచి కార్లు వస్తాయి. మందలోవి ఇంకా రెండు అలాగే పోయాయి, వేరే ఊళ్ల కయ్యల్లో. వాటికి కూడా గుళ్లు లేస్తున్నాయని విన్నాను. ఈ లెక్కన కొండలో ఏనుగులు అయిపోయేనాటికి మా పక్క గుళ్లకు కరువుండదు. మా అమ్మ ఆ గుడి గడప తొక్కలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, నేను కూడా.

మొన్న సాయంత్రం పాల బండిని పంపేసి అమ్మ దగ్గరికి పోయాను. ఆమె నా కూతురి ఫోన్ పట్టుకుని ఏదో చూస్తోంది. ఎక్కడిదో అడవి. తప్పిపోయిన ఏనుగు పిల్లకు మనుషులు లద్దె, మట్టి పూస్తున్నారు. తర్వాత పిల్ల మంద వైపు పోతే పెద్ద ఏనుగు తొండంతో దగ్గరికి లాక్కుని, కాళ్ల మధ్య పెట్టుకుని నడుచుకుంటూ పోయింది. మా అమ్మ దాన్ని మళ్లీ మొదటి నుంచి పెట్టించుకుని చూసింది.

“ఆ పొద్దు గూడా పేడ పూసిరి కదా. చలికంటివే?” అంది.

“చలికి కాదమ్మా. వాసనకు.”

“యాందానికి వాసన?”

“తల్లి వాసన ఉంటేనే మంద కలుపుకుంటాది.”

ఆమె ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. సందేహం ఆమె మొహంలో మెల్లగా పైకి రావడం చూస్తూ కూర్చున్నాను.

“నేను తలకు పొయ్యకుండా ఉంటే, పిలుచుకోని పోయుండునా పాపా?”

మా ఊళ్లో ఇంకెవరైనా అయితే ఏం చెప్పేవాళ్లో నాకు తెలుసు. దాని రాత అట్లుండాది, నీదేముండాది అనేవాళ్లు. పసుపు ముద్ద మెత్తినట్టు మెత్తేవాళ్లు. ఆ పని నాకు చేతకాలేదు. అంతకంటే, ఇన్నాళ్లలో ఆ చావు గురించి ఒక్కరైనా నిజం తెలుసుకోవాలని అడిగారు, ఆ ఒక్కరికి అబద్ధం చెప్పడం నాకు నచ్చలేదు.

“పోయుండునమ్మా” అన్నాను.

“నిజంగానా?”

“నిజంగానే.”

ఆమె ఏడవలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంది, తడి లేకపోయినా తుడుచుకుంటూనే ఉంది. వీధిలో మా నాయన చెప్పుల చప్పుడు వినిపించింది, సాయంత్రం పూజ ముగించుకుని ఇంటికి వస్తున్నాడు. మా అమ్మ గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.

“మీ నాయనకు చెప్పద్దు” అంది. “బాధపడతాడు.”